డ్యూరమ్ గోధుమకు నల్ల తుప్పు: ఒక్క జన్యువు మీద ఎంతకాలం?

గోధుమకు తుప్పు తెగుళ్ళు మూడు. ఆకు మీద పసుపు గీతలు గీసేది ఒకటి. ఆకంతా నారింజ చుక్కలు చల్లేది ఇంకొకటి. కాండాన్ని పట్టుకుని చివరికి నల్లగా మాడ్చేది మూడోది. మొదటి రెండూ దిగుబడిని మెల్లగా కొరుక్కుతింటాయి. మూడోదైన కాండం తుప్పు అలా కాదు. కోతకు మూడు వారాల ముందు దాకా నిండుగా ఊగిన చేను కోతనాటికి విరిగిన కాడలుగా, తాలు గింజలుగా మిగులుతుంది. దీన్నే నల్ల తుప్పు అని కూడా అంటారు. రొట్టె గోధుమనూ డ్యూరమ్ గోధుమనూ రెంటినీ ఇది పడుతుంది. అయితే డ్యూరమ్‌ను కాపాడే జన్యువుల సంఖ్య తక్కువ, వాటిని దాటగల శిలీంధ్ర తెగల సంఖ్య పెరుగుతోంది. గత వందేళ్ళలో ఈ పంటకు నిరోధక శక్తిని ఎక్కించేందుకు జరిగిన కృషి అంతా ఈ రెండు అంకెల మధ్య పందెంలాగే నడిచింది.

తెగులుకు కారణం పక్సీనియా గ్రామినిస్ అనే శిలీంధ్రం. బతికున్న మొక్క మీద తప్ప ఇది పెరగదు. అపరాల మీద వచ్చే తుప్పును తెలుగు రైతు కుంకుమ తెగులు అంటాడు. కాండం తుప్పుకు ఆ పేరు ఇంకా బాగా నప్పుతుంది. తెగులు ముదిరిన చేలో నాలుగడుగులు వేసి వచ్చిన మనిషి పంచె, మోకాళ్ళ దాకా ఇటుకపొడి పులుముకున్నట్టు ఎర్రబడుతుంది. ఆ పొడిలోని ప్రతి రేణువూ ఒక బీజమే. అది మొక్క మీద పడి, ఆరేడు గంటల పాటు తడి దొరికితే మొలకెత్తి పత్రరంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. వాతావరణం అనుకూలిస్తే ఎనిమిది పది రోజుల్లో అక్కడే కోలగా ఒక పొక్కు లేస్తుంది. పొక్కు పగిలినప్పుడు కాండం చర్మం చిరిగి అంచులు పైకి లేస్తాయి. అక్కడి నుంచి వేలకొద్దీ కొత్త బీజాలు గాలికెక్కుతాయి. చర్మం చిరిగిన చోటల్లా నీరు ఆవిరైపోతుంది. గింజలోకి చేరాల్సిన పిండి పదార్థం శిలీంధ్రం పాలవుతుంది. కాండం బలం తగ్గి చేను ఒరిగిపోతుంది. పంట పండే దశలో అవే పొక్కుల్లో నల్లని బీజాలు తయారవుతాయి. నల్ల తుప్పు అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

పసుపు తుప్పుకు చలి కావాలి. కాండం తుప్పుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి నచ్చుతుంది. డ్యూరమ్ పండేది కూడా ఎక్కువగా వేడి, పొడి ప్రాంతాల్లోనే. మధ్యధరా తీరం, ఇథియోపియా మెట్టలు, మధ్య భారతం, ఉత్తర అమెరికా మైదానాల్లో ఆలస్యంగా వేసవిలో పండే చేలు అలాంటివి. ప్రపంచ గోధుమలో డ్యూరమ్ వాటా సుమారు 5 శాతమే అయినా పాస్తా, కుస్‌కుస్, బుల్గుర్ దీనితోనే అవుతాయి. దక్షిణాది కొట్లలో అమ్మే బన్సీ రవ్వ కూడా దీనిదే. డ్యూరమ్ గింజ గట్టిది, అద్దంలా మెరుస్తుంది. మరలో పడితే మెత్తని పిండి కాకుండా పసుపు రంగు రవ్వ అవుతుంది.

వంగడాల పని చేసేవారికి అసలు చిక్కు క్రోమోజోముల లెక్కలో ఉంది. రొట్టె గోధుమకు 42 క్రోమోజోములు. అవి ఏ, బీ, డీ అనే మూడు సముదాయాలు. డ్యూరమ్‌కు 28 మాత్రమే, డీ సముదాయం లేదు. కాబట్టి డీ లోని తుప్పు నిరోధక జన్యువులు డ్యూరమ్‌కు తేలిగ్గా దక్కవు. దానికి దగ్గరి చుట్టం ఎమ్మర్ గోధుమ. మహారాష్ట్రలో దాన్ని ఖప్లీ అంటారు, కర్ణాటకలో జవె గోధి అంటారు. కళ్ళంలో ఎంత తొక్కించినా దాని పొట్టు గింజను వదలదు. వడ్లను దంచినట్టు విడిగా దంచాల్సిందే. ఎమ్మర్‌కూ క్రోమోజోములు 28 కాబట్టి డ్యూరమ్‌తో సంకరం సులువు. డ్యూరమ్ తుప్పు చరిత్రను ఈ దంచుడు గోధుమే నడిపించింది.

నిరోధక శక్తి రెండు తీరులుగా పనిచేస్తుంది. మొదటి తీరును హెచ్. హెచ్. ఫ్లోర్ 1940లలో నార్త్ డకోటాలో అవిసె తుప్పు మీద పనిచేస్తూ తేల్చాడు. మొక్కలో ఉన్న ప్రతి నిరోధక జన్యువుకూ శిలీంధ్రంలో జతగా ఒక జన్యువు ఉంటుంది. శిలీంధ్రం మొక్క కణంలోకి పంపే ఒకానొక ప్రోటీన్‌ను మొక్క జన్యువు పసిగట్టగలిగితే, తెగులు దిగిన చోటి కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. బతికున్న కణం లేకపోతే శిలీంధ్రానికి తిండి లేదు. ఆకు మీద పొక్కు బదులు ఒక చిన్న పాలిపోయిన చుక్క మిగులుతుంది, అంతే. ఈ రక్షణ గట్టిదే కానీ పెళుసుది. శిలీంధ్రం ఆ ఒక్క ప్రోటీన్‌ను మార్చుకున్నా, వదిలేసుకున్నా కాపలా గుడ్డిదైపోతుంది. రెండో తీరు నెమ్మదైనది. తెగులు వస్తుంది కానీ పొక్కులు చిన్నవిగా, తక్కువగా, ఆలస్యంగా లేస్తాయి. పెద్ద మొక్కల్లోనే ఇది పనిచేస్తుంది, ఒక్కటే ఉంటే పెద్ద తెగులును ఆపలేదు. కానీ దశాబ్దాలు నిలుస్తుంది. ఈ రెండో తీరుకు పేరుమోసిన జన్యువు ఎస్ఆర్ 2.

ఎస్ఆర్ 2 కూడా ఎమ్మర్ నుంచి వచ్చిందే. సౌత్ డకోటాలో ఇ. ఎస్. మెక్‌ఫాడెన్ 1916లో యారొస్లావ్ అనే ఎమ్మర్‌ను మార్క్విస్ రొట్టె గోధుమతో కలిపి, ఆ సంతతి నుంచి హోప్ అనే వంగడాన్ని తీశాడు. 28 క్రోమోజోముల మొక్కనూ 42 క్రోమోజోముల మొక్కనూ కలిపితే పుట్టేవి చాలావరకు గొడ్డువి, తాలువి. అందులోంచి పనికొచ్చే మొక్కను ఏరడం ఆ రోజుల్లో కేవలం కంటి పని. దాదాపు అదే కాలంలో మినెసోటాలో ఇయుమిల్లో అనే డ్యూరమ్‌ను మార్క్విస్‌తో కలిపారు. ఆ వంశంలో 1934లో థాచర్ విడుదలైంది. అంటే డ్యూరమ్, ఎమ్మర్‌లు ముందు రొట్టె గోధుమకే అప్పు ఇచ్చాయి. సొంత ఇంటికి గండం వచ్చేసరికి అప్పు తిరిగి అడగడం అంత తేలిక కాలేదు. ఎస్ఆర్ 2 ఉన్న మొక్కల కంకి పొట్టు మీదా కణుపుల కిందా నల్లటి మచ్చలు తేలతాయి. తెగులే వచ్చిందని రైతు భయపడతాడని బ్రీడర్లు అలాంటి మొక్కలను పక్కన పెట్టేసిన సందర్భాలు తక్కువేం కాదు.

శిలీంధ్రంలో తెగలు ఉన్నాయని ప్రపంచానికి గట్టిగా చూపించినవాడు మినెసోటా శాస్త్రజ్ఞుడు ఎల్విన్ స్టాక్‌మన్. కంటికి అన్ని బీజాలూ ఒకటే, భూతద్దం కింద పెట్టినా ఒకటే. తేడా తెలియాలంటే మొక్కల మీద చల్లి చూడాలి. 1922లో స్టాక్‌మన్, ఆయన సహచరుడు లెవీన్ ఇందుకోసం 12 గోధుమలను ఎంచారు. వాటిలో అయిదు డ్యూరమ్‌లు, రెండు ఎమ్మర్‌లు. ఆ రెంటిలో ఒకటి ఖప్లీ. వచ్చిన ప్రతి తుప్పు నమూనానూ ఈ పన్నెండు మీదా చల్లి, ఏ మొక్క పడిందో ఏది నిలిచిందో రాసుకునేవారు. ఆ జాబితాను బట్టి తెగకు ఒక సంఖ్య ఇచ్చేవారు. ఏళ్ళ తరబడి ఆ పట్టీలో ఖప్లీ గడిలో నిలిచింది అన్న గుర్తే ఎక్కువగా పడుతూ వచ్చింది. దక్కన్ రైతు పండుగకు గోధుమ పాయసం కోసం వేసుకునే పంట, అమెరికా ప్రయోగశాలలో కొలబద్దగా మారింది.

అమెరికాలో డ్యూరమ్ పంట పెరిగిందే తుప్పు మూలాన. 19వ శతాబ్దం చివర అమెరికా శాస్త్రజ్ఞుడు మార్క్ కార్ల్‌టన్ రష్యా నుంచి కుబాంకా వంటి డ్యూరమ్‌లను తెచ్చాడు. 1904లో రొట్టె గోధుమను తుప్పు నాశనం చేసిన చోట్ల అవి మెరుగ్గా నిలిచాయి. రైతులు వాటివైపు మొగ్గారు. డ్యూరమ్‌కు తుప్పు రాదన్న నమ్మకం అప్పటినుంచి నాటుకుంది. ఏ వంగడం గురించైనా ఇలాంటి నమ్మకం పుట్టిందంటే దానికి చెడ్డ రోజులు దగ్గరపడ్డట్టే లెక్క. 1939లో బార్బెరీ పొదల దగ్గర 15బీ అనే తెగ కనబడింది. బార్బెరీ ఈ శిలీంధ్రానికి రెండో ఆతిథ్య మొక్క. శిలీంధ్రం లైంగికంగా కలిసి కొత్త తెగలను కనేది దాని మీదే. అందుకే 1916 నాటి పెద్ద తెగులు తర్వాత, 1918లో అమెరికా ప్రభుత్వం ఆ పొదలను పీకించే పని మొదలుపెట్టింది. మిగిలిన పొదలు చాలాయి. 1950లో 15బీ ఒక్కసారిగా మైదానాలంతా పాకింది. 1954లో నార్త్ డకోటా డ్యూరమ్ పంటలో నాలుగింట మూడు వంతుల దాకా పోయింది. పాస్తా తయారీదారులు రొట్టె గోధుమ పిండి కలుపుకుని గడుపుకోవాల్సి వచ్చింది.

ఆ గండం గట్టెక్కించింది ఖప్లీయే. నార్త్ డకోటా బ్రీడర్లు ఖప్లీని డ్యూరమ్‌లతో కలిపి, ఆ సంతతిని మళ్ళీ మళ్ళీ డ్యూరమ్‌తోనే సంకరపరిచారు. పొట్టు అంటుకునే గుణం పోవాలి, గింజ పెద్దది కావాలి, రవ్వ పసుపు తగ్గకూడదు, తుప్పును తట్టుకునే గుణం మాత్రం నిలవాలి. 1956లో వచ్చిన లాంగ్డన్ ఆ శ్రమ ఫలితం. తర్వాత వెల్స్, లీడ్స్, వార్డ్ వరసగా వచ్చాయి. ఆ రాష్ట్రపు డ్యూరమ్‌ను కాండం తుప్పు ఆ తర్వాత ఎన్నడూ అంతగా దెబ్బతీయలేదు. ఒక పంట రోగం విషయంలో ఇంత కాలం నిలిచిన విజయాలు అరుదు.

లాంగ్డన్‌లోకి చేరిన ఖప్లీ జన్యువుల్లో ముఖ్యమైనది ఎస్ఆర్ 13. 6ఏ క్రోమోజోమ్ పొడవు భుజం మీద ఉంటుంది. దాన్ని వేరుచేసి చదవడం 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో హోర్హే డుబ్‌కోవ్‌స్కీ బృందం వల్ల అయింది. శిలీంధ్ర ప్రోటీన్లను పసిగట్టే కాపలా జన్యువుల కుటుంబానికే ఇది కూడా చెందుతుందనీ, దీనిలో కొద్దికొద్ది తేడాలున్న రూపాలు అనేకం ఉన్నాయనీ తేలింది. దీనికి ఒక విచిత్ర గుణం ఉంది. 18 డిగ్రీల దగ్గర బద్ధకంగా ఉండి, 25 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. ఎస్ఆర్ 6 అనే జన్యువుది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం, ఎండ పెరిగితే అది చేతులెత్తేస్తుంది. డ్యూరమ్ పండే నేలలకు ఎస్ఆర్ 13 స్వభావం కలిసొచ్చేదే. అయితే చల్లని గ్రీన్‌హౌస్‌లో పరీక్షించే బ్రీడర్‌కు మాత్రం ఇది ఉచ్చు. అక్కడ ఓడినట్టు కనబడే మొక్కను పారేస్తే, పొలంలో నిలిచే మొక్కనే పారేసినట్టవుతుంది.

ఈ మంచి కాలం వల్ల ఒక నష్టమూ జరిగింది. చాలా మేలు డ్యూరమ్ వంగడాలు ఎస్ఆర్ 13 మీదా, వెర్నల్ అనే మరో ఎమ్మర్ నుంచి వచ్చిన ఎస్ఆర్ 9ఇ మీదా ఒరిగి నిలబడ్డాయి. చేను బాగున్నప్పుడు కొత్త జన్యువులు వెతకమని డబ్బిచ్చేవారు ఉండరు. 1998లో ఉగాండాలో ఒక కొత్త తెగ బయటపడేవరకు కాండం తుప్పు ముగిసిన కథ అనే అందరూ అనుకున్నారు. ఉగ్99 అని పిలిచే ఆ తెగ, రై అనే ధాన్యం నుంచి రొట్టె గోధుమలోకి తెచ్చిన ఎస్ఆర్ 31ను దాటింది. అప్పటికి ఆ జన్యువు ఎన్నో దేశాల రొట్టె గోధుమల్లో ఉంది. తెగ 2001లో కెన్యాకు, 2003లో ఇథియోపియాకు, 2006లో యెమెన్‌కు, 2007లో ఇరాన్‌కు చేరింది. గోధుమ శాస్త్రజ్ఞుడు నార్మన్ బోర్లాగ్ 2005లో ప్రభుత్వాలను కదిలించాడు. కెన్యాలోని న్జోరోలో, ఇథియోపియాలోని డెబ్రె జైట్‌లో ప్రపంచమంతటి గోధుమలకూ పరీక్ష మడులు వెలిశాయి. డెబ్రె జైట్‌ను డ్యూరమ్ కోసం ప్రత్యేకించారు.

అసలు పాఠం అక్కడే ఎదురైంది. డ్యూరమ్‌లో ఎస్ఆర్ 31 లేదు కనుక ఉగ్99 వల్ల దానికి పెద్దగా పోయేదేమీ లేదని మొదట్లో అనుకున్నారు. కెన్యా మడుల్లో చాలా డ్యూరమ్ వరుసలు నిలబడ్డాయి కూడా. అవే వరుసలు డెబ్రె జైట్‌లో తుప్పు పట్టి కూలాయి. 2012లో వెలువడిన పరిశీలన దీనికి కారణం చూపింది. ఇథియోపియా మడిలో ఉగ్99 ఒక్కటే లేదు, ఎస్ఆర్ 13నూ ఎస్ఆర్ 9ఇనీ రెంటినీ దాటగల వేరే తెగలు ఉన్నాయి. వాటిలో ఒకటి జేఆర్‌సీక్యూసీ. పేరు నోరు తిరగనిదే కానీ అర్థం సూటిగానే ఉంటుంది. ఇప్పుడు వాడే పట్టీలో 20 పరీక్ష గోధుమలుంటాయి, నాలుగేసి చొప్పున అయిదు గుంపులు. గుంపుకొక అక్షరం. గుంపులో నాలుగూ పడిపోతే టి, నాలుగూ నిలిస్తే బి, మధ్యలోని రకరకాల కలయికలకు మిగతా అక్షరాలు. ఉగ్99 అసలు పేరు టీటీకేఎస్‌కే, అంటే మొదటి ఎనిమిది గోధుమలనూ అది కూల్చింది. జేఆర్‌సీక్యూసీ అక్షరాలు చూస్తే అది అంత భీకరమైనదిగా కనబడదు. పట్టీలో తక్కువ గోధుమలనే కూలుస్తుంది. కానీ అది దాటే జన్యువుల్లో డ్యూరమ్ నమ్ముకున్న రెండూ ఉన్నాయి. ప్రపంచమంతా ఒక పెద్ద దొంగ కోసం కాపు కాస్తుంటే, డ్యూరమ్ ఇంటి తాళం మరొకడి జేబులో ఉందన్నమాట.

2016లో సిసిలీలో వేల హెక్టార్ల గోధుమకు, ముఖ్యంగా డ్యూరమ్‌కు, కాండం తుప్పు పట్టింది. ఐరోపా ఆ తెగులును దశాబ్దాలుగా మరిచిపోయి ఉంది. ఆ ప్రాంతంలో ఆ ఏళ్ళలో గుర్తించిన టీటీఆర్‌టీఎఫ్ అనే తెగ అంతకుముందు 2014లో జార్జియాలో కనబడింది. తర్వాత ఇథియోపియాలో, ఎరిత్రియాలో, ఇరాన్‌లో కూడా తేలింది. ఎస్ఆర్ 13లోని ఒక రూపాన్ని అది దాటుతుంది. అమెరికా డ్యూరమ్‌లను అరవయ్యేళ్ళు కాపాడిన కంచెకు ఇప్పటికే రెండు మూడు చోట్ల కంతలు పడ్డాయి. అలాంటి తెగ ఒకటి ఉత్తర అమెరికాకో భారత్‌కో చేరలేదు కనుక కంచె నిలిచి ఉన్నట్టు కనబడుతోంది.

మందు చల్లితే పోదా అన్న ప్రశ్న సహజం. టెబుకొనజోల్, ప్రొపికొనజోల్ వంటి మందులు సకాలంలో కొడితే పనిచేస్తాయి. సకాలం అంటే పొక్కులు విరివిగా కనబడకముందే. అరెకరం మెట్టలో గోధుమ వేసే ఇథియోపియా రైతుకు మందూ పంపూ అందేసరికి ఒక తరం బీజాలు ఎగిరిపోతాయి. విత్తనంలోనే రక్షణ ఉంటే ఆ ఖర్చూ లేదు, ఆ ఆలస్యమూ లేదు.

కొత్త జన్యువుల కోసం వెతుకులాట ఇప్పుడు అడవి చుట్టాల వైపు సాగుతోంది. ఐన్‌కార్న్ గోధుమ నుంచి ఎస్ఆర్ 22, ఎస్ఆర్ 35 వచ్చాయి. ఎజిలాప్స్ స్పెల్టాయిడిస్ అనే గడ్డి నుంచి ఎస్ఆర్ 47 డ్యూరమ్‌లోకి వచ్చింది. ఇది వినడానికి సులువు. పొలంలో కాదు. గోధుమలో 5బీ క్రోమోజోమ్ మీద పీహెచ్ 1 అనే జన్యువు కావలి ఉంటుంది. తమవి కాని క్రోమోజోములతో గోధుమ క్రోమోజోములు ముక్కలు మార్చుకోకుండా అది అడ్డుపడుతుంది. కావలి లేని మొక్కలను తయారుచేసుకుంటేనే అడవి ముక్క లోపలికి వస్తుంది. అదైనా ఒంటరిగా రాదు. కావలసిన జన్యువుతోపాటు దిగుబడి తగ్గించేవి, కోత ఆలస్యం చేసేవి కూడా చుట్టుకుని వస్తాయి. నార్త్ డకోటాలోని ఫార్గోలో ఎస్ఆర్ 47ను మోసే ఆ అడవి ముక్కను వేల మొక్కల్లో వెతికి, తుంచి తుంచి చిన్నది చేశారు. తరాల తరబడి చేయాల్సిన పని ఇది. డ్యూరమ్ విషయంలో ఇంకో బెడద ఉంది. తుప్పును తట్టుకుంటే చాలదు, మర యజమాని అడిగే పసుపు రంగు, గట్టి గ్లూటెన్, అద్దపు మెరుపు ఏ తరంలోనూ తగ్గకూడదు.

ఈ రంగు విషయంలోనే ఒక జన్యువు కథ ముచ్చటైనది. పొడవాటి గోధుమగడ్డి నుంచి తీసిన ఎస్ఆర్ 25 పక్కనే పసుపు వర్ణకాన్ని పెంచే జన్యువు కూడా అతుక్కుని ఉంటుంది. రొట్టె గోధుమలో ఇది దోషం, పిండి పచ్చబడిందని బేకరీలు తిరగ్గొట్టాయి. ఆ పసుపును విడగొట్టడానికి ప్రత్యేకంగా ఉత్పరివర్తనాలు చేయాల్సి వచ్చింది. అదే పసుపు డ్యూరమ్‌కు వరం. రొట్టె గోధుమకు బరువైన జన్యువు డ్యూరమ్‌కు బంగారం కావడంతో ఇటలీ బ్రీడర్లు ఆ ముక్కను డ్యూరమ్‌లోకి చక్కగా దించారు. కానీ 2009లోనే భారత శాస్త్రజ్ఞులు ఎస్ఆర్ 25ను దాటే తెగలు ఈ దేశపు పొలాల్లో ఉన్నాయని ప్రకటించారు. కాబట్టి ఇటలీకి పనికొచ్చే రక్షణ మధ్యప్రదేశ్‌లోని మాల్వాలో ఒంటరిగా పనికిరాదు.

జన్యువులను ఒక్కొక్కటిగా వాడకుండా కట్టగా కట్టడమే దీనికి దారి. లెక్క తేలికైనది. ఒక కాపలాను తప్పించుకునే మార్పు పది లక్షల బీజాల్లో ఒకదానికి వస్తుందనుకుంటే, ఇద్దరు కాపలాదారులను ఒకేసారి తప్పించుకోవాలంటే పది లక్షలను పది లక్షలతో గుణించాలి. తెగులు పట్టిన చేలో బీజాలు అంతకంటే ఎక్కువే ఉండవచ్చు గనుక మూడు నాలుగు జన్యువులు కలిసుంటే మేలు. ఒకప్పుడు ఇది అసాధ్యం. ఒక జన్యువు మొక్కను కాపాడుతుంటే రెండోది ఉందో లేదో కంటికి తెలియదు. ఇప్పుడు ఆకు ముక్క చిదిపి డీఎన్ఏ గుర్తులతో చూసుకోవచ్చు. 2021లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు అయిదు జన్యువులను ఒకే చోట గుదిగుచ్చి రొట్టె గోధుమలోకి ఎక్కించారు. అవన్నీ విడిపోకుండా ఒకే జన్యువులా తర్వాతి తరానికి పోతాయి. కాకపోతే అది జన్యుమార్పిడి పంట. ఆ గుదిగుచ్చిన జన్యువులు రైతు పొలానికి చేరడం శాస్త్రం చేతిలో కన్నా ప్రభుత్వాల చేతిలో ఎక్కువ ఉంది.

కట్ట కట్టే పద్ధతికి ఒక బలహీనత ఉంది, దాని గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదు. ఒక దేశం నాలుగు జన్యువుల కట్టను విడుదల చేస్తుంది. పక్క దేశమో, ఒక విత్తన సంస్థో అందులోని ఒక్క జన్యువును ఒంటరిగా మరో వంగడంలో అమ్ముతుంది. ఆ ఒంటరి జన్యువు మీద శిలీంధ్రం మొదటి మెట్టు ఎక్కుతుంది. తర్వాత రెండోది. నాలుగు గుణకారాల లెక్క కాస్తా నాలుగు విడి మెట్ల నిచ్చెన అవుతుంది. ఇథియోపియాలో 2013లో డిగాలు అనే రొట్టె గోధుమ మీద జరిగింది ఒంటరి జన్యువు ఎంత వేగంగా కూలుతుందో చూపే ఉదాహరణ. ఉగ్99ను తట్టుకుంటుందని రైతులకు పంచిన ఆ వంగడాన్ని, ఎస్ఆర్ టీఎంపీ అనే దాని జన్యువును దాటగల టీకేటీటీఎఫ్ తెగ బాలే, అర్సీ ప్రాంతాల్లో ఊడ్చేసింది. విడుదల చేసే ముందు వంగడంలో ఎన్ని జన్యువులు, ఏవి ఉన్నాయో చెప్పాలన్న నియమం చాలా దేశాల్లో లేదు. దిగుబడి ఎంతో చెప్పడం మాత్రం తప్పనిసరి.

పరీక్ష మడిలో పని చూస్తే ఈ శాస్త్రంలో చెమట వాటా ఎంతో తెలుస్తుంది. పరీక్షకు పెట్టిన వరుసల చుట్టూ తెగులు తేలిగ్గా పట్టే గోధుమను కంచెలా వేస్తారు. దాని కాడల్లోకి సిరంజితో బీజాలు కలిపిన నీటిని ఎక్కిస్తారు, సాయంత్రం తడి పెడతారు. తెగులు అక్కడ ముదిరి వరుసల మీదకి పాకుతుంది. పాలు పోసుకునే దశ దాటాక బ్రీడర్ ఒక్కో వరుస దగ్గర వంగి, కాడలను చేత్తో విడదీసి రెండు సంగతులు రాస్తాడు. కాండంలో ఎంత శాతం పొక్కులు ఆక్రమించాయి, పొక్కు ఏ తీరుది. నలభై శాతం పొక్కులున్నా అవి చిన్నవై, చుట్టూ పాలిపోయిన అంచు ఉంటే ఆ మొక్క పోరాడుతోందని అర్థం. పది శాతమే ఉన్నా పెద్దవై, చర్మం చీల్చుకుని పొడి రాల్చుతుంటే అది లొంగిన మొక్క. ఎర్రని వేళ్ళతోనే పెన్సిల్ పట్టుకుంటాడు కాబట్టి ఆ పుస్తకాల పేజీలకు తుప్పు రంగు అంటుకుని ఉంటుంది.

భారత్‌లో ఈ తెగులు నడక వేరు. బ్రిటిష్ అధికారి విలియం స్లీమన్ 1820ల చివర నర్మదా లోయలో గోధుమను తుప్పు నాశనం చేసిన సంగతి రాశాడు. 1946–47లో అదే మధ్య భారతంలో మళ్ళీ పెద్ద నష్టం జరిగింది. ఇంత ఎండలు కాచే మైదానాల్లో వేసవంతా బతకలేని శిలీంధ్రం ప్రతి ఏటా ఎక్కడి నుంచి వస్తోంది? ఆగ్రా కళాశాల ఆచార్యుడు కరంచంద్ మెహతా దీని కోసం జీవితం వెచ్చించాడు. హిమాలయాల్లో బార్బెరీ పొదలున్నా ఇక్కడి తుప్పుకు వాటితో పనిలేదనీ, చల్లని కొండల మీద వేసవిలోనూ ఉండే గోధుమ మొక్కల మీదే శిలీంధ్రం తలదాచుకుంటుందనీ తేల్చాడు. కాండం తుప్పుకు ఆ ఇల్లు దక్షిణాన ఉంది, నీలగిరి, పళని కొండలు. అక్కడి నుంచి మధ్యప్రదేశ్‌కు అది ఎలా చేరుతుందో 1970లలో ఎస్. నాగరాజన్, ఆయన సహచరులు చూపించారు. నవంబరు ప్రాంతంలో బంగాళాఖాతంలో 10–15 డిగ్రీల అక్షాంశాల మధ్య, అంటే ఇంచుమించు నాగపట్నం నుంచి కావలి దాకా ఉన్న తీరానికి ఎదురుగా, వాయుగుండం పుట్టి మధ్య భారతం మీద బలహీనపడితే నీలగిరి బీజాలు ఆ గాలుల్లో ఉత్తరానికి పోయి వానతోపాటు నేలకు దిగుతాయి. వాన నీటిని పట్టి, అందులో బీజాలున్నాయేమో వెతికి మరీ ఈ దారిని పరిశీలించారు. కోస్తా వరి రైతును కోతల వేళ ముంచే తుపానే మాల్వా గోధుమ రైతుకు తెగులు మోసుకుపోతుందన్నమాట.

ఈ దారి తెలియడం వల్ల బ్రీడింగ్‌కు ఒక సౌకర్యం కలిగింది. బీజాలు బయలుదేరే చోటే అడ్డుకట్ట వేయవచ్చు. నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. అక్కడ తుప్పు సహజంగానే దొరుకుతుంది, వేసవి పంటా వేయవచ్చు. మహాబలేశ్వరంలో మరో తుప్పు పరిశోధన కేంద్రం ఉంది. సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ కేంద్రం దేశమంతటి తుప్పు తెగలను బతికించి ఉంచి, ఏ ఏడు ఏ తెగ పెరుగుతోందో లెక్క తేలుస్తుంది. డ్యూరమ్ వంగడాలు ఎక్కువగా రూపుదిద్దుకునేది ఇండోర్‌లో. మాల్వా శక్తి, పోషణ్, పూసా మంగళ్, పూసా అన్‌మోల్, పూసా తేజస్ అక్కడి నుంచి వచ్చినవే. పుణెలోని అగార్కర్ సంస్థ డ్యూరమ్‌తోపాటు ఖప్లీ మీదా పనిచేస్తోంది. ధార్వాడ్ శాస్త్రజ్ఞులు ఖప్లీని పొట్టి మొక్కగా మార్చి, ఎరువు వేసినా ఒరిగిపోని డీడీకే 1029 వంటి వంగడాలు తెచ్చారు. గత కొన్ని దశాబ్దాల్లో దేశంలో కాండం తుప్పు పెద్ద ఉత్పాతంగా మారకపోవడంలో ఈ కేంద్రాల వాటా పెద్దది. ఆ వాటా బడ్జెట్ పత్రాల్లో కనబడదు. రాని తెగులుకు నష్టం లెక్క ఉండదు గదా.

భారత పొలాల్లోకి ఉగ్99 ఇంకా అడుగుపెట్టలేదు, జేఆర్‌సీక్యూసీ కూడా రాలేదు. 2005 నుంచి భారతీయ గోధుమలను కెన్యా, ఇథియోపియా మడుల్లోకి పంపి పరీక్షిస్తున్నది ఆ తెగలు వచ్చే రోజును దృష్టిలో పెట్టుకునే. డ్యూరమ్ వరకు ఈ రెంటిలో ఇథియోపియా ఫలితమే నమ్మదగినది. కెన్యాలో నిలిచిందన్న ఒక్క కారణంతో విడుదల చేసిన డ్యూరమ్‌కు సగం పరీక్షే జరిగినట్టు. వెల్లింగ్టన్‌లో వేసవి పంటగా వేసిన సంతతులను సెప్టెంబరు నాటికి చూసి, తుప్పుకు లొంగినవి పీకేసి, మిగిలిన గింజలను సంచుల్లో కట్టి మైదానాలకు పంపుతారు. అక్టోబరు చివరా నవంబరు మొదటా మాల్వా నల్లరేగడిలో అవి విత్తడం మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేదీ ఆ రోజుల్లోనే.